రోహిణి కార్తె రాకముందే మందుల డబ్బా చూడండి

ఎండలు ముదురుతున్నాయి. మే నెలాఖరులో మొదలయ్యే తొమ్మిది రోజుల్ని ఇక్కడి మన పక్కింటివాళ్ళు నౌతపా అంటారు, మన రోహిణి కార్తెలో మొదటి రోజులు అవే. రోళ్ళు పగిలే ఎండ ఇద్దరికీ ఒకటే. బిలాస్‌పూర్‌లో ఆ రోజుల్లో 45 డిగ్రీలు వింతేమీ కాదు. అందరం మామూలు జాగ్రత్త పడతాం. కూలర్‌లో నీళ్ళు నింపుతాం, పిల్లల్ని మధ్యాహ్నం బయటికి పోనివ్వం. కానీ నెహ్రూ నగర్‌లోనో, తోర్వా వైపో, రైల్వే క్వార్టర్లలోనో మీ ఇంట్లో మనసు జబ్బుకు మాత్రలు వాడుతున్న అమ్మ గానీ నాన్న గానీ ఉంటే ఆ జాగ్రత్త చాలదు. ఆ మాత్రల్లో కొన్ని చెమట పట్టనివ్వవు. కొన్ని లేచి నిలబడగానే బీపీని పడగొడతాయి. ఒకటైతే, ఒంట్లో నీరు తగ్గిన రోజున, నిన్నటిదాకా మేలు చేసిన డోసులోనే విషమవుతుంది. దయచేసి ఇది చివరిదాకా చదవండి.

మీరు పట్టించుకోని పిల్లలని నేననడం లేదు. ఏళ్ళ తరబడి నాన్న మందుల కోసం కౌంటర్ల ముందు నిలబడ్డ కొడుకులు, అత్తగారి చేతిలో మాత్ర పెట్టి నీళ్ళ గ్లాసు అందించే కోడళ్ళు మన మధ్యే ఉన్నారు. ప్రమాదం అలాంటి ఇళ్ళలోనే చప్పుడు లేకుండా వస్తుంది. పదేళ్ళుగా వాడుతున్న మందుని ఎవరూ అనుమానించరు మరి. ఈ పదేళ్ళలో కిడ్నీలు నెమ్మదించాయి. ఒంట్లో కండ తగ్గింది. పక్కన బీపీ మాత్ర చేరింది, మోకాళ్ళకు నొప్పి మాత్ర చేరింది, మలబద్ధకానికి ఏదో చూర్ణం చేరింది. చీటీలో డోసు మాత్రం యాభై ఏళ్ళప్పుడు రాసిందే.

అమ్మలో కొత్తగా ఏదైనా కనిపిస్తే ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "వయసు కదా" అనేది ఒకటి. "జబ్బు మళ్ళీ తిరగబెట్టింది" అనేది రెండోది. నడక మందగించినా వయసే, రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరిగినా జబ్బే. ఈ రెంటికంటే ముందు రావాల్సిన అనుమానం మూడోది: ఇది మందు వల్లనేమో. ముఖ్యంగా కొత్త మాత్ర మొదలుపెట్టిన, డోసు మార్చిన, ఇంకో డాక్టరు ఇంకో మందు కలిపిన వారాల్లో.

అనుమానం రాగానే మాత్రలన్నీ మానిపించే ఇళ్ళూ ఉన్నాయి. అది ఇంకో గొయ్యి. నెలల తరబడి వాడిన క్లోనజెపామ్ లాంటి నిద్ర మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. లిథియం ఒక్కసారిగా మానేస్తే ఉన్మాదం కొద్ది వారాల్లోనే, మునుపటికంటే జోరుగా తిరిగి రావచ్చు. డిప్రెషన్ మాత్రలు ఠక్కున ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం. అందుకని అనుమానించండి, కానీ మీ అంతట మీరు మానిపించకండి. రాసిన డాక్టరుకి అదే రోజు చెప్పండి. పై నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

అన్నిటికంటే ముందు లిథియం సంగతి చెప్పాలి. ఎండాకాలంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

బైపోలార్‌కి వాడే మందుల్లో అది పాతది, మంచిది. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దాని గుణం లోకానికి చెప్పాడు. ఆత్మహత్యల నుంచి కాపాడటంలో దానికి ఇప్పటికీ గొప్ప పేరుంది. సరిగ్గా అదే 1949లో అమెరికాలో ఇంకో కథ జరిగింది. గుండె జబ్బుతో ఉప్పు మానేసినవాళ్ళు ఉప్పుకు బదులు లిథియం క్లోరైడ్ చల్లుకుని తిన్నారు. కొందరు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం దాన్ని బజారు నుంచి తీయించింది, మందుగా వాడటానికి కూడా 1970 దాకా అనుమతి ఇవ్వలేదు. ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మన కిడ్నీ ఉప్పునీ లిథియాన్నీ దాదాపు ఒకే తీరుగా చూస్తుంది. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గాయంటే కిడ్నీ ఉన్న ఉప్పుని బయటికి పోనివ్వదు. దాంతోపాటు లిథియాన్నీ పోనివ్వదు. మాత్ర ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోకుండానే రక్తంలో మందు పెరిగిపోతుంది.

మందు పనిచేసే మోతాదుకీ ప్రాణం మీదికి తెచ్చే మోతాదుకీ మధ్య ఉన్న సందు చాలా చిన్నది. రక్త పరీక్షలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు, పెద్దవాళ్ళకు ఇంకా తక్కువే చాలునంటారు. 1.5 దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఏళ్ళుగా వాడుతున్న పెద్దల్లో అంతకంటే తక్కువలోనూ విష లక్షణాలు కనిపించవచ్చు. రిపోర్టులో అంకె బాగానే ఉంది కదా అని మనిషిని చూడటం మానకండి.

ఇలా జరుగుతుంది. రిటైరైన నాన్నగారు, ఏళ్ళుగా లిథియం మీద నిలకడగా ఉన్నారు. మే నెలలో మోకాలు పట్టేసింది. మందుల షాపులో చెబితే డైక్లోఫెనాక్ ఇచ్చారు. ఆ నొప్పి మాత్ర లిథియాన్ని కిడ్నీ దగ్గరే ఆపేస్తుందని షాపువాడికి తెలియదు, ఈయన లిథియం వాడుతున్నారని అతనికి ఎవరూ చెప్పనూ లేదు. ఐబుప్రోఫెన్ అయినా ఇంతే. నాలుగైదు రోజులకు విరేచనాలు పట్టుకున్నాయి. వడదెబ్బ అన్నారు. ఆర్‌ఎంపీ వచ్చి ఇంకో నొప్పి ఇంజెక్షన్ పొడిచి వెళ్ళాడు. నాన్న తిండి మానేశారు, మాట ముద్దగా వస్తోంది, బాత్రూమ్‌కి గోడ పట్టుకుని నడుస్తున్నారు. చూసినవాళ్ళు తాగారనుకున్నారు. ఇంట్లోవాళ్ళు మాత్రం మూడు పూటలా లిథియం తప్పకుండా వేస్తూనే ఉన్నారు. ప్రేమతోనే వేశారు.

వణుకుని చూడటం నేర్చుకోండి. లిథియం వాడే చాలామంది చేతుల్లో సన్నటి వణుకు ఎప్పుడూ ఉంటుంది. పేపరు పట్టుకుంటే అంచు కాస్త అల్లాడుతుంది, అంతే. టీ గ్లాసు నోటిదాకా చేరేలోపు సగం చొక్కా మీద ఒలికిందంటే అది వేరే వణుకు. దానికి తోడు వాంతులు, విరేచనాలు, తూలే నడక, ముద్ద మాట, మత్తు, మతిమరుపుగా మాట్లాడటం కనిపిస్తే తర్వాతి డోసు వేయకుండా నేరుగా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. ఇది మానిపించడం కాదు, ఆ పూట ఆపి పరుగెత్తడం. క్యాజువాలిటీలో మొదటి వాక్యంలోనే "లిథియం వాడుతున్నారు" అని చెప్పండి. చెప్పకపోతే వాళ్ళూ వడదెబ్బ అనే అనుకోవచ్చు.

ఇక లిథియం ఉన్న ఇంట్లో బీపీ మందు మార్చారంటే చెవులు రిక్కించండి. నీరు పోయే మాత్రలు, ముఖ్యంగా హైడ్రోక్లోరోథయాజైడ్, లిథియాన్ని పెంచుతాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ కూడా పెంచుతాయి. ఇవి చెడ్డ మందులు కావు. కలిపి వాడాల్సి వస్తే డాక్టరు డోసు తగ్గించి, రక్తం పరీక్షించి వాడతారు. గుండె డాక్టరుకి మనసు డాక్టరు చీటీ చూపించకపోవడమే మనం చేసే చేటు. చాలామంది సిగ్గుపడి ఆ చీటీ ఇంట్లో దాచి వెళ్తారు. వద్దు. బీపీకి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఆ చీటీ జేబులో ఉండాలి.

"బీపీ ఉంది, ఉప్పు మానేయండి" అని ఎవరో అన్నారని రాత్రికి రాత్రి చప్పిడి తిండి మొదలుపెట్టకండి. లిథియం వాడేవాళ్ళకు ఉప్పు రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం, ఒకరోజు ఎక్కువ ఒకరోజు సున్నా కాకూడదు. ఉపవాసాల దగ్గరా అంతే. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం వాళ్ళకు తగదు. చైత్ర నవరాత్రుల్లో రతన్‌పూర్ మహామాయమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాలని అమ్మ పట్టుబడితే, ఆటోలో తీసుకెళ్ళండి. అమ్మవారు ఏమీ అనుకోదు. పొద్దున్నే ఉప్పు వేసిన మజ్జిగ, చద్దన్నం, ఇక్కడివాళ్ళు బోరే బాసీ అని తినే ఆ నీళ్ళన్నం, ఈ కాలానికి మంచివే. షుగర్ ఉంటే మాత్రం కొలత చూసుకోవాలి.

నీళ్ళ మాటలో ఇంకో మెలిక ఉంది. ఎండ కదా అని బలవంతంగా బిందెలకు బిందెలు తాగించకండి. ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు, కార్బమజెపిన్, పెద్దవాళ్ళలో రక్తంలోని సోడియాన్ని తగ్గించగలవు. ఉత్త నీళ్ళు అతిగా తాగితే అది ఇంకా పడిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, అయోమయం, తర్వాత ఫిట్స్. ఎంత తాగాలో డాక్టరుని అడిగి ఆ మేరకు రోజంతా కొంచెం కొంచెంగా ఇవ్వండి.

భ్రమలు, చెవిలో మాటలు వినిపించడం లాంటి వాటికి ఇచ్చే మందులు వేరే జాతి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్, నెలనెలా పొడిపించుకునే ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్లు. ఇవి ఒంటి వేడిని సర్దుకునే శక్తిని దెబ్బతీయగలవు. వీటి వల్ల ఒళ్ళు బిగుసుకోకుండా ఉండటానికి తోడు ఇచ్చే చిన్న మాత్ర ఒకటుంది, ట్రైహెక్సీఫెనిడిల్. అది చెమటనే తగ్గిస్తుంది. నోరు ఎండగడుతుంది, మలబద్ధకం తెస్తుంది, మగవాళ్ళలో మూత్రం బిగబట్టిస్తుంది, పెద్దవాళ్ళలో మతి తప్పిస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు మీకు చెమటలు కారుతుంటే నాన్న చర్మం పొడిగా, వేడిగా ఉందా, ముట్టుకుని చూడండి. రేకుల గది, డాబా మీది గది వాళ్ళకు ఇవ్వకండి ఈ రెండు నెలలు.

కొత్తగా ఈ మందులు మొదలుపెట్టిన రోజుల్లో మెడ ఒక పక్కకి తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి వెళ్ళిపోవడం, నాలుక బయటికి రావడం జరగవచ్చు. చూసినవాళ్ళకు గుండె ఆగిపోయినంత పనవుతుంది. ఇప్పటికీ మన ఇళ్ళలో దీన్ని చూసి గాలి సోకిందంటారు, నిమ్మకాయలు కోస్తారు. అది మందు వల్ల కండరాలు పట్టేయడం. ఆస్పత్రిలో ఒక్క ఇంజెక్షన్‌తో చాలా వరకు నిమిషాల్లో వదులుతుంది. భూతవైద్యుడి దగ్గర ఒక రాత్రి గడిపితే ఆ మనిషికి మందు మీద నమ్మకం జన్మలో రాదు.

నేను ఎక్కువగా బాధపడేది ఇంకో లక్షణం గురించి. కూర్చోలేకపోవడం. మంచం మీద కూర్చుంటారు, లేస్తారు, నడుస్తారు, మళ్ళీ కూర్చుంటారు. నిలబడితే ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మారుస్తూనే ఉంటారు. అడిగితే "లోపల ఏదో తోడేస్తోంది" అంటారు. ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందని ఫోన్‌లో చెబుతారు, అవతల డోసు పెంచుతారు, తోడేయడం ఇంకా పెరుగుతుంది. ఈ బాధ తట్టుకోలేక చనిపోవాలనుకున్నవాళ్ళున్నారు. దానికి విరుగుడు ఉంది, డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ఇంకో మాత్ర ఇవ్వడమో. కానీ డాక్టరుకి "గొడవ చేస్తున్నారు" అని చెప్పకండి. "కాళ్ళు నిలవడం లేదు, కూర్చోలేకపోతున్నారు, ఫలానా రోజు మందు మార్చినప్పటి నుంచీ" అని చెప్పండి. వీలైతే ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి చూపించండి, నాన్నకు చెప్పే తీయండి. ఆ వీడియో పది మాటల పెట్టు.

ఏళ్ళ తర్వాత పెదాలు చప్పరించడం, దవడ ఆడించడం, నాలుక లోపల తిప్పడం మొదలైతే దాన్నీ వెంటనే చూపించాలి. ముదిరితే పోదు. కట్టుడు పళ్ళ వల్ల అనుకుని వదిలేస్తారు.

వీటన్నిటిలో ప్రాణాంతకమైనది అరుదుగా వస్తుంది, వస్తే గంటలు లెక్క. తీవ్రమైన జ్వరం, ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోవడం, చెమటలు, అయోమయం, మూత్రం నల్లటి టీ రంగులో రావడం. పైకి మలేరియాలా, వడదెబ్బలా కనిపిస్తుంది. ఈ మందులు వాడే మనిషికి జ్వరంతోపాటు ఒళ్ళు బిగుసుకుంటే పారాసెటమాల్ వేసి రేపు చూద్దామనుకోకండి. 108కి ఫోన్ చేయండి, మందుల పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.

క్లోజపిన్ వాడేవాళ్ళ ఇల్లు ఇంకొంచెం మేలుకుని ఉండాలి. ఏ మందుకీ లొంగని స్కిజోఫ్రీనియాకు అది చివరి ఆసరా. 1975లో ఫిన్లాండ్‌లో కొందరికి దాని వల్ల తెల్లరక్తకణాలు పడిపోయి చనిపోయారు. అప్పటి నుంచే రక్త పరీక్షలు పెట్టి వాడుతున్నారు, మొదటి నెలల్లో వారం వారం. గొంతు నొప్పి, నోటి పుండ్లు, జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష. కానీ మీకు ఎవరూ చెప్పని ప్రమాదం మలబద్ధకం. క్లోజపిన్‌తో పేగు కదలిక ఆగిపోయి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. నాలుగు రోజులుగా దొడ్డికి వెళ్ళలేదని అమ్మ కొడుకుతో చెప్పదు, కోడలితో కూడా చెప్పకపోవచ్చు. అడగండి. మొహమాటపడకుండా రోజూ అడగండి. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులు ఉంటే ఆస్పత్రికే.

బీడీ సంగతి కూడా ఇక్కడే. పొగ తాగేవాళ్ళ ఒంట్లో క్లోజపిన్ త్వరగా ఖర్చైపోతుంది, డోసు దానికి తగ్గట్టే పెట్టి ఉంటారు. ఆస్పత్రిలో చేరో, మీరు పోరుపెట్టో నాన్న బీడీలు ఒక్కసారిగా మానేశారనుకోండి, కొద్ది రోజుల్లోనే మందు రక్తంలో పెరిగిపోతుంది. ఓలాంజపిన్‌కీ కొంత వరకు ఇదే. బీడీ మానడం మంచిదే, మానించండి. ఆ రోజే డాక్టరుకి చెప్పి మానించండి. క్లోజపిన్ రెండు రోజులకు మించి తప్పితే పాత డోసు మీరే మళ్ళీ మొదలుపెట్టకూడదు. చిన్న డోసు నుంచి డాక్టరే మళ్ళీ ఎక్కించాలి. లేకపోతే గుండె, బీపీ తట్టుకోలేవు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఓలాంజపిన్, క్లోజపిన్ బరువునీ షుగర్‌నీ పెంచుతాయి, నెలకోసారి బరువు తూచండి. వాల్‌ప్రోయేట్‌తో కడుపునొప్పి, వాంతులు, కళ్ళు పచ్చబడటం చూడండి. కార్బమజెపిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పొక్కులు వస్తే చెమటకాయలని పౌడరు రాయకండి, అదే రోజు చూపించండి. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్ళకు నొప్పికి ట్రామడాల్ ఇస్తుంటే అడ్డం పడి అడగండి. ఆస్పిరిన్‌తో, నొప్పి మాత్రలతో కలిస్తే అవే డిప్రెషన్ మాత్రలు కడుపులో రక్తస్రావం తేవచ్చు, విరేచనం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయకండి.

పడిపోవడాల గురించి మాత్రం ఆగి చెప్పాలి. క్వెటియాపిన్, ఓలాంజపిన్, అమిట్రిప్టిలిన్, నిద్ర మాత్రలు రాత్రి వేసుకుని, తెల్లవారుజామున మూడింటికి బాత్రూమ్‌కి లేస్తారు. గబుక్కున నిలబడతారు. బీపీ పడిపోతుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి, తుంటి విరుగుతుంది. ఆ తర్వాత వాళ్ళు మంచం దిగరు. లేవగానే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలని రోజూ చెప్పండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా దీపం వెలగనివ్వండి, తడి నేల తుడవండి, గోడకు పట్టుకునే కమ్మీ పెట్టించండి. తిండి దగ్గర కూడా చూడండి. గొంతు కండరాలు మందగించినవాళ్ళకు ముద్ద అడ్డం పడుతుంది. అన్నం తింటూ దగ్గుతుంటే, చొంగ కారుతుంటే చిన్న ముద్దలు, నిటారుగా కూర్చోబెట్టి, తొందర పెట్టకుండా.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం, ఊరు మాత్రం వదల్లేదు. అమ్మానాన్నలు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. విశాఖలో ఒక డాక్టరు, ఇక్కడ ఒక డాక్టరు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. రెండు చీటీల్లో రెండు కంపెనీ పేర్లతో ఒకే మందు ఉంటుంది, పాపం పెద్దాయన రెండూ వేసుకుంటారు. సర్కారు కౌంటర్లలో ఇచ్చే మాత్రలు కూడా ఈ నెల ఒక కంపెనీవి, వచ్చే నెల ఇంకో కంపెనీవి. రంగు మారింది కాబట్టి కొత్త మందనుకుని పాతదాంతో పాటు దీన్నీ మొదలుపెడతారు. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, దాని కింద ఉండే అసలు మందు పేరు చదవండి. అది తెలుగులో ఒక కాగితం మీద రాసి డబ్బా మూతకు అంటించండి.

కోర్బా నుంచి విశాఖ వెళ్ళే లింక్ ఎక్స్‌ప్రెస్‌లో పెళ్ళిళ్ళకు బయల్దేరతాం కదా. ఆ ఒక్క రాత్రి ప్రయాణంలో జరిగే పొరపాట్లు ఎన్నో. మాత్రలు పెద్ద సూట్‌కేసులో అడుగున ఉంటాయి, సీటు కిందికి వంగే ఓపిక ఎవరికీ ఉండదు, పూట తప్పుతుంది. మర్నాడు దిగాక రెండు పూటలవీ కలిపి వేస్తారు. అలా ఎప్పుడూ వేయకండి. ఇంకొకటి, ఆడవాళ్ళు రైలు బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని బయల్దేరినప్పటి నుంచీ నీళ్ళు తాగరు. లిథియం వాడే అమ్మకు ఎండాకాలపు స్లీపర్ బోగీలో అది నిజంగా ప్రమాదం. కింది బెర్తు ఇప్పించండి, బాత్రూమ్ దాకా తోడు వెళ్ళండి, నీళ్ళు తాగించండి. మందులు చేతిసంచిలో, రెండు రోజులకు ఎక్కువే.

ఒక నోటుబుక్కు పెట్టండి. రైల్వే ఇళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. గార్డు జర్నల్‌లో బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చింది, ఎందుకు ఆగింది అని రాసే పద్ధతి మన రక్తంలోనే ఉంది. ఏ మందు, ఎంత, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు మారింది. నిద్ర, తిండి, విరేచనం, బరువు, నడక, వణుకు. పడితే ఎన్నింటికి పడ్డారు. డాక్టరు గదిలో దొరికేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో "బాగోలేదండీ" అనే మాట కంటే ఆ పేజీ ఎక్కువ పనిచేస్తుంది.

అమ్మానాన్నల్ని కూడా అడగండి. వాళ్ళ మాట జబ్బు మాటేనని కొట్టిపారేయకండి. "ఈ మాత్ర వేసుకుంటే నేను నేనులా ఉండటం లేదురా" అన్న నాన్న నిజమే చెబుతూ ఉండవచ్చు. చెప్పుకోలేని బాధలుంటాయి. రిస్పెరిడోన్ వల్ల ఆడవాళ్ళకు రొమ్ముల నుంచి పాలలాంటి స్రావం రావచ్చు, మగవాళ్ళకు దాంపత్యపు ఇబ్బందులు రావచ్చు. కొడుకుతో చెప్పలేకనే చాలామంది మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తారు. దానికి విరుగుడుగా మీరు కూరలో నూరి కలిపితే, తెలిసిన రోజున తిండి కూడా మానేస్తారు. పైగా కొన్ని మాత్రల్ని నూరకూడదు, నెమ్మదిగా కరిగేలా చేసినవి ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతాయి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, తన చికిత్స గురించి తెలుసుకునే హక్కు రోగికే ఇచ్చింది. తన తరఫున మాట్లాడేందుకు ఒకరిని ముందే రాసి పెట్టుకునే వీలూ ఇచ్చింది. బాగా ఉన్న రోజుల్లోనే నాన్నను అడిగి ఆ కాగితం రాయించండి.

అడగడానికి చోటు లేదనకండి. రైల్వే ఉద్యోగులకు, రిటైరైనవాళ్ళకు ఇక్కడే జోన్ కేంద్ర ఆస్పత్రి ఉంది. ఊళ్ళో సిమ్స్ ఉంది. రతన్‌పూర్ దారిలో సేంద్రిలో రాష్ట్ర మానసిక చికిత్సాలయం ఉంది. అర్ధరాత్రి ఎవరినడగాలో తెలియకపోతే 14416. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. మందు వల్ల చెడు జరిగిందనిపిస్తే 1800-180-3024కి మీరే ఫిర్యాదు చేయవచ్చు, డాక్టరే చేయాలని లేదు. ప్రాణాపాయ లక్షణాలు కనిపించినప్పుడు మాత్రం ఈ ఫోన్లతో పొద్దుపుచ్చకండి, 108, ఆస్పత్రి.

హైదరాబాద్‌లోనో పూణేలోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు కూడా ఒక మాట. "మాత్రలు వేసుకున్నావా అమ్మా" అని రోజూ అడుగుతున్నారు, సంతోషం. ఇకనుంచి వీడియో కాల్‌లో ఒకసారి చేతులు ముందుకు చాపమనండి. కుర్చీలోంచి లేచి వంటింటిదాకా నడిచి రమ్మనండి. మీకు ఆ రెండు నిమిషాల్లో చాలా తెలుస్తుంది.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. ఆలోగా, మీ ఇంట్లో లిథియం ఉంటే, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేయకముందు రక్తం ఇప్పించి లిథియం లెవెల్, క్రియాటినిన్, సోడియం చూపించండి. ఏడాదిలో చేయించకపోతే థైరాయిడ్, కాల్షియం కూడా. వేరే మందులు వాడుతుంటే ఏ పరీక్షలు బాకీ ఉన్నాయో డాక్టరుని అడగండి. ఈ రాత్రే మందుల డబ్బా మంచం మీద బోర్లించి, గడువు దాటినవి, రెండుసార్లు ఉన్నవి, ఎవరు రాశారో తెలియనివి పక్కకు తీసి, సంచిలో వేసుకుని రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.